బోరు నీళ్లకు, సీమ ఎండకు తగిన డ్వార్ఫ్ సిక్లిడ్లు: చిన్న తొట్టికి ఎంచుకోవడం నుంచి వదలడం దాకా

"అన్నా, రెండడుగుల తొట్టి కొన్నాను. ఏ సిక్లిడ్లు వేయమంటావు?" అనంతపురం, కర్నూలు, కడపల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. దీనికి చేప పేరుతో జవాబిస్తే సగం మందికి అది తప్పు జవాబవుతుంది. మీ కుళాయిలో వచ్చేవి ఎలాంటి నీళ్లో, మే నెలలో మీ గదిలో తొట్టి ఎంత వేడెక్కుతుందో తెలిశాకే చేప పేరు చెప్పగలం. సిక్లిడ్లు ఒక పెద్ద చేపల కుటుంబం; అందులో చిన్న తొట్టికి సరిపోయే పొట్టి రకాలే డ్వార్ఫ్ సిక్లిడ్లు.

మన చిక్కంతా ఇక్కడే ఉంది. బోరు నీళ్ల గుణం ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సు చేపలకు బాగా నప్పుతుంది, కానీ ఆ చేపలు మన ఎండకు ఓర్వవు. వేడిని ఇష్టపడే బ్లూ ర్యామ్ చేపకేమో బోరు నీళ్లు పడవు. ఏ చేప తెచ్చుకున్నా నీళ్లో, వేడో, ఏదో ఒకటి మనమే సర్దాలి. రెంటిలో ఏది ఏడాది పొడవునా సర్దగలరో ముందు తేల్చుకోండి.

1. ముందు కొలతలు

చేపలకు డబ్బు పెట్టకముందే టీడీఎస్ మీటరు, థర్మామీటరు, చుక్కల టెస్ట్ కిట్లు కొనండి. కిట్లలో పీహెచ్, జీహెచ్, కేహెచ్, అమ్మోనియా, నైట్రైట్ ఉండాలి.

టీడీఎస్ ఒక్కటే చూసి నిర్ణయానికి రావొద్దు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో అది చెబుతుంది. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతో తెలియాలంటే జీహెచ్ చూడాలి. పీహెచ్ మార్చబోతే నీళ్లు ఎంత మొండికేస్తాయో కేహెచ్ చెబుతుంది.

బోరు నీళ్లను పట్టిన వెంటనే పీహెచ్ చూస్తే తక్కువ చూపించవచ్చు. బకెట్లో ఒక రాత్రంతా ఎయిర్ పంపు ఆడించి పొద్దున చూడండి. తొట్టిలో ఉండబోయే పీహెచ్ అదే.

కర్నూలు వాళ్లకు తుంగభద్ర నీళ్లు, అనంతపురం వాళ్లకు పెన్నా అహోబిలం జలాశయం నీళ్లు కుళాయిలో వస్తాయి కాబట్టి బోరు కంటే మెతకగా, అంటే జీహెచ్ తక్కువగా ఉండే అవకాశం ఉంది. అయినా నమ్మకం మీద వదిలేయకండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కొలవండి. అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌నర్ ఉంటే దాని నీళ్లు వాడొద్దు. అది కాల్షియం తీసి ఆ చోట సోడియం పెడుతుంది. టీడీఎస్ తగ్గదు, చేపకు మేలూ లేదు.

రాసి పెట్టుకోవాల్సినవి:
- టీడీఎస్, జీహెచ్, కేహెచ్
- ఒక రాత్రి గాలి పట్టించాక పీహెచ్
- తొట్టి పెట్టే చోట బకెట్ నీళ్ల వేడి: పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, వారం రోజుల పాటు
- రోజుకు కరెంటు ఎంతసేపు పోతుంది

2. తొట్టి కొలత

డ్వార్ఫ్ సిక్లిడ్లు తొట్టి అడుగున తిరిగే చేపలు. తొట్టి ఎత్తు వాటికి అక్కరకు రాదు, అడుగు వైశాల్యమే లెక్క. ఒకే ధరకు పొడుగ్గా నిలబడే తొట్టి, వెడల్పుగా పరుచుకునే తొట్టి దొరికితే వెడల్పుదే తీసుకోండి.

- 18×12×12 అంగుళాలు, సుమారు 42 లీటర్లు: మల్టీల (గుల్లల్లో ఉండే చిన్న చేపలు, కింద చెబుతాను) చిన్న గుంపుకు మాత్రమే.
- 24×12×12, సుమారు 56 లీటర్లు: కింద వేరుగా చెప్పినవి తప్ప, ఏ జాతైనా ఒక్క జంట.
- 24×15×15, సుమారు 88 లీటర్లు: కొనగలిగితే ఇదే. ఆ మూడంగుళాల వెడల్పు వల్ల ఓడిన చేపకు పారిపోయే చోటు దొరుకుతుంది.

ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నీళ్లు ఇంకా తగ్గుతాయి. మందులు వేసేటప్పుడు ఇది గుర్తుండాలి.

3. నీళ్లను బట్టి చేప

ఉప్పు బోరు: జీహెచ్ 12 పైన, పీహెచ్ 7.8 పైన

ఈ నీళ్లకు నా మొదటి ఓటు గుల్లల్లో కాపురముండే మల్టీలకు. పూర్తి పేరు నియోలాంప్రొలోగస్ మల్టీఫాసియాటస్. మగది నాలుగైదు సెంటీమీటర్లు, ఆడది ఇంకా చిన్నది. టాంగన్యికా సరస్సు పీహెచ్ 9 దగ్గర ఉంటుంది కాబట్టి మన బోరు పీహెచ్ వీటికి పండగే. టీడీఎస్ వెయ్యి దాటితే మాత్రం ఆర్వో నీళ్లు కలిపి 400–600 మధ్యకు తెచ్చుకోండి.

కొత్త గుల్ల పడగానే మల్టీ ముందు దాని చుట్టూ తిరిగి చూస్తుంది. తర్వాత గుల్ల పక్కన ఇసుకను నోటితో తీసి దూరంగా ఉమ్ముతుంది. కింద గుంత పడి గుల్ల అందులోకి ఒరిగాక, మళ్లీ నోటినిండా ఇసుక తెచ్చి పైన కప్పుతుంది. చివరికి గుల్ల మూతి ఒక్కటే పైకి కనిపిస్తుంది. ఈ పని చూడటానికే చాలామంది వీటిని పెంచుతారు. ఇసుక రెండంగుళాల మందం లేకపోతే ఇదేదీ జరగదు.

ఒసెల్లాటస్ కూడా గుల్లల చేపే. ఇంకాస్త పెద్దది, బాగా కోపిష్టి. రెండడుగుల తొట్టిలో ఒక మగ, ఒకటో రెండో ఆడవి చాలు. గుల్లలు జానెడు దూరంలో పెట్టండి.

రెంటికీ ఒక షరతుంది. నీళ్లు 24–27 డిగ్రీల మధ్య ఉండాలి. వేసవిలో చల్లబరిచే ఏర్పాటు లేకపోతే వీటి జోలికి పోవద్దు.

మధ్యస్థం: టీడీఎస్ 200–400, పీహెచ్ 7–7.8

మొదటిసారి పెంచేవాళ్లకు క్రిబెన్సిస్ (క్రిబ్). నైజీరియా వైపు చేప. మగది పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆడది చిన్నది, ఈడుకొస్తే పొట్ట చెర్రీ ఎరుపు ఎక్కుతుంది. చిన్నాచితకా పొరపాట్లను తట్టుకుంటుంది. పిల్లలు పెట్టాక మాత్రం తొట్టిలో ఇంకో చేపను బతకనివ్వదు. రెండడుగుల తొట్టిలో జంటను ఒంటరిగానే ఉంచండి.

బొలీవియన్ ర్యామ్ ఏడెనిమిది సెంటీమీటర్ల నెమ్మదైన చేప. బ్లూ ర్యామ్ అంత మెరుపు ఉండదు కానీ ఆరోగ్యం గట్టిది. రంగు చూసి దీన్ని పక్కన పెట్టేస్తున్నారని నాకు బాధ. 88 లీటర్ల తొట్టిలో ఒక జంటను పెట్టి చూడండి.

అపిస్టోగ్రామా (అపిస్టో) చేపల మీద మనసుంటే కకటూయిడెస్‌తో మొదలుపెట్టండి. ఆ జాతిలో మధ్యస్థపు నీళ్లకు బాగా సర్దుకునేది ఇదే. తొట్టి 15 అంగుళాల వెడల్పుంటే ఒక మగ, రెండు ఆడ, లేకపోతే జంట. బొరెల్లీ కూడా పేరున్న చేపే, కానీ అది చల్లటి నీళ్లది. కర్నూలు వేసవికి వద్దు.

మెతక నీళ్లు: ఆర్వో కలపగలిగితేనే

బ్లూ ర్యామ్ ఒరినోకో నది మైదానాల చేప. దానికి 27–30 డిగ్రీల వేడి, మెతక నీళ్లు కావాలి. వేడి మన దగ్గర ఊరికే దొరుకుతుంది, నీళ్లే మోసుకురావాలి.

లెక్క సులువు. మీ బోరు టీడీఎస్ 900, ఆర్వో నీళ్లది 50 అనుకుందాం. ఒక వంతు బోరుకు ఐదు వంతుల ఆర్వో కలిపితే 190 దగ్గరకు వస్తుంది. 56 లీటర్ల తొట్టికి వారానికి పావు వంతు మార్చాలంటే 14 లీటర్లు. వీధిలో మినరల్ వాటర్ ప్లాంటు నుంచి ఒక్క 20 లీటర్ల క్యాను సరిపోతుంది. ఉత్త ఆర్వో నీళ్లే పోస్తే కేహెచ్ లేనందువల్ల పీహెచ్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఎప్పుడూ కొంచెం బోరు నీళ్లు కలపండి.

గోల్డ్ ర్యామ్, ఎలక్ట్రిక్ బ్లూ కూడా ఈ జాతివే. ఒళ్లు ఉబ్బినట్టుండే బెలూన్ ర్యామ్ మాత్రం కొనకండి. ఆ ఆకారం కోసం వంచిన వెన్నుతో చేప జీవితాంతం అవస్థ పడుతుంది.

ఇంకొకటుంది, మన దక్షిణాది, శ్రీలంక నీళ్లలో సొంతంగా పెరిగే ఆరెంజ్ క్రోమైడ్. ఎనిమిది సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది. ఉప్పు నీళ్లను, వేడిని రెంటినీ తట్టుకుంటుంది. గుంపుగా ఉంచాలి కాబట్టి మూడడుగుల తొట్టి కావాలి. మీకు ఆ చోటుంటే పై చిక్కులన్నీ పక్కన పెట్టి దీన్నే తెచ్చుకోమంటాను.

4. చిన్నవిగా కనిపించే పెద్ద చేపలు

అంగట్లో "సిక్లిడ్ పిల్లలు" అని అమ్మేవన్నీ డ్వార్ఫ్ కావు. రెండంగుళాల ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది. ఫ్లవర్‌హార్న్ కూడా అంతే. రంగురంగుల మలావి సరస్సు చేపలు పది, పన్నెండు సెంటీమీటర్లు దాటి ఒకదాన్నొకటి తరుముతాయి. కాన్విక్ట్, ఫైర్‌మౌత్, సెవెరం కూడా చిన్న తొట్టికి వద్దు. జాతి పేరు చెప్పలేని అంగట్లో కొనకండి. "మిక్స్‌డ్ ఆఫ్రికన్" అంటే పేరు తెలియదని అర్థం.

5. తొట్టి సిద్ధం చేయడం

ఇసుకతో మొదలు. ఈ చేపలన్నీ ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల గుండా వదులుతాయి, లేదా తవ్వుతాయి. రంగు గులకరాళ్లు వాటి నోటిని గాయపరుస్తాయి. ఇల్లు కట్టే నది ఇసుక చాలు. సన్న జల్లెడ పట్టి, నీళ్లు తేటపడేదాకా కడగండి.

తర్వాత రాళ్లు. మన ఇళ్ల వెనక కడప బండ ముక్కో, బేతంచెర్ల బండ ముక్కో పడి ఉంటుంది. రెండూ సున్నపురాయి జాతివే. పాలిష్ లేని వైపు మేకుతో గీకి, ఆ గీత మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి దగ్గరగా చూడండి. సన్నటి బుడగలు లేస్తే ఆ రాయి నీళ్లలో సున్నం వదులుతుంది. అది మల్టీలకు మంచిదే, బ్లూ ర్యామ్‌కు చెడ్డది. ఇసుకకూ ఇదే పరీక్ష చేయండి. బుడగలు రాని నల్ల గ్రానైట్ ఏ తొట్టిలోనైనా పెట్టొచ్చు.

ఇక చేప ఇల్లు:

- మల్టీలు, ఒసెల్లాటస్‌కు గుల్లలు, చేపకు రెండు మూడు చొప్పున. మడి నత్తగుల్లలు బాగా పనికొస్తాయి. మూతి అంగుళం పైన ఉన్నవి ఏరి, ఉడకబెట్టి, లోపల మాంసం ఏమీ లేదని, వాసన లేదని చూసి వేయండి.
- క్రిబెన్సిస్, అపిస్టోలకు గుహ. రంగు వేయని చిన్న ముంతను బోర్లించి అంచు కొద్దిగా కొట్టండి, లేదా పీచు తీసి ఉడకబెట్టిన కొబ్బరి చిప్ప పెట్టండి. ఆడ చేప దూరగలిగేంత ద్వారమే ఉండాలి.
- ర్యామ్‌లకు చదును రాయి. గుడ్లు దాని మీదే పెడతాయి.
- ర్యామ్, అపిస్టోలకు ఎండి రాలిన బాదం చెట్టు ఆకులు రెండు మూడు. పురుగుమందు కొట్టిన చెట్టువి వద్దు.

ఫిల్టరుకు స్పాంజ్ ఫిల్టరే మేలు. పిల్లలను లాగేయదు, ఎయిర్ పంపు ఒక్కటే దానికి ఆధారం.

ఇప్పుడు ఓపిక పట్టే ఘట్టం. చేపలు లేకుండా రోజూ చిటికెడు మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఫిల్టరు నడపండి. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఈలోగా స్పాంజిలో పెరుగుతుంది. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే ఈ గడువు తగ్గుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి, నైట్రేట్ కనిపిస్తేనే చేపలు.

మన దగ్గర ఈ మెట్టు దాటేయడం మరీ ప్రమాదం. అదే అమ్మోనియా పీహెచ్ 7లో కంటే పీహెచ్ 8లో దాదాపు పదింతలు విషమవుతుంది, వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. చల్లటి, మెతక నీళ్ల ఊళ్లలో తప్పించుకునే చేప ఇక్కడ తప్పించుకోలేదు.

6. అంగట్లో చేపను చూడటం

తొట్టి ముందు పది నిమిషాలు నిలబడండి. మేత వేయమని అడగండి. తినని చేపను ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

- పొట్ట లోపలికి పోయి ఉండకూడదు
- మలం తెల్లగా, దారంలా వేలాడకూడదు
- రెక్కలు విప్పి ఉండాలి, మొప్పలు గబగబా కొట్టుకోకూడదు
- అదే తొట్టిలో చచ్చిన చేప ఉంటే అక్కడి నుంచి ఏదీ వద్దు
- వేలి గోరంత ర్యామ్ పిల్లకు పెద్దచేప రంగులుంటే హార్మోను మేత పెట్టి ఉండవచ్చు, వదిలేయండి

అన్నిటికంటే ముఖ్యంగా, ఆ తొట్టి నీళ్ల టీడీఎస్ మీ మీటరుతోనే కొలవండి.

ఆడ, మగ గుర్తింపు: బ్లూ ర్యామ్ ఆడదానికి పొట్ట గులాబీ రంగు, నల్ల మచ్చ లోపల నీలి మెరుపులు; మగదానికి వీపు రెక్క ముందు ఈనెలు పొడుగు. కకటూయిడెస్ మగదానికి ఆ ఈనెలు కిరీటంలా లేస్తాయి. మల్టీలను చూపుతో గుర్తుపట్టడం కష్టం, ఐదారు పిల్లలను కొని వాటినే జత కట్టుకోనివ్వండి.

7. తెచ్చి వదలడం

మంచి రకాలు చాలాసార్లు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కొళత్తూరు నుంచే వస్తాయి. వేసవిలో తెప్పిస్తే రాత్రి బస్సుకే, థర్మకోల్ పెట్టెలోనే.

రెండు మూడు గంటల ప్రయాణమైతే సంచిని పావుగంట నీళ్ల మీద తేల్చి, తర్వాత సన్న గొట్టంతో చుక్కచుక్కగా తొట్టి నీళ్లు గంటసేపు కలపండి.

రాత్రంతా ప్రయాణం చేసిన సంచికి ఈ పద్ధతి వద్దు. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు వల్ల సంచిలో పీహెచ్ తగ్గి, పోగైన అమ్మోనియా ప్రమాదం లేకుండా ఉంటుంది. సంచి విప్పి మీ పీహెచ్ 8 నీళ్లు కలిపారంటే అది అక్కడికక్కడే విషమవుతుంది. అందుకే అమ్మినవాళ్ల టీడీఎస్, పీహెచ్ ముందే అడిగి, ఒక టబ్బులో దాదాపు అలాంటి నీళ్లే కలిపి ఉంచండి. వేడి సమానం కాగానే చేపను వలతో తీసి అందులో వదలండి. సంచి నీళ్లు పారబోయండి. రెండు మూడు వారాలు ఆ టబ్బులోనే గమనిస్తూ, మెల్లగా మీ నీళ్లకు అలవాటు చేయండి.

మొదటి రోజు మేత వేయొద్దు, లైటు వేయొద్దు.

8. మార్చి నుంచి జూన్ దాకా

మన గాలి పొడిగా ఉండటం ఒక వరం. నీటి పైభాగానికి తగిలేలా చిన్న క్లిప్ ఫ్యాన్ పెడితే ఆవిరై నీళ్లు రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతాయి. గాజు మూత తీసి జాలీ వేయండి, ఫ్యాన్ పనిచేసేది అప్పుడే. అదే గదిలో ఎయిర్ కూలర్ వేస్తే గాలిలో తేమ పెరిగి ఈ లాభం తగ్గుతుంది.

ఆవిరైన నీళ్ల బదులు ఆర్వో నీళ్లే పోయండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. బోరు నీళ్లతో నింపుతూ పోతే నెలలో టీడీఎస్ ఎక్కడికో పోతుంది.

మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి. నీళ్లు మార్చడం తెల్లవారుజామునే. మునిసిపల్ నీళ్లైతే క్లోరిన్ తీసే చుక్కలు తప్పనిసరి.

మరీ వేడెక్కిన రోజు గడ్డకట్టిన అరలీటరు సీసా తేల్చవచ్చు, కానీ గంటకు డిగ్రీ కంటే ఎక్కువ పడనివ్వొద్దు. కరెంటు కోతకు బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది కాబట్టి మేత సగానికి తగ్గించండి.

దోమల మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు తీవ్ర విషం, ఎయిర్ పంపు గది గాలినే నీళ్లలోకి తోస్తుంది. తొట్టి ఉన్న గదిలో వాటిని వాడొద్దు.

డిసెంబరు, జనవరి రాత్రులకు 56 లీటర్ల తొట్టికి 50 వాట్ల హీటరు చాలు. మల్టీలు, క్రిబ్‌లకు 25, బ్లూ ర్యామ్‌కు 28 దగ్గర పెట్టండి.

9. తోడు చేపలు

మల్టీలకు, క్రిబ్ జంటకు తోడు అక్కర్లేదు. 88 లీటర్లలో బ్లూ ర్యామ్ జంటకు పైన తిరిగే ఎనిమిది కార్డినల్ లేదా రమ్మీనోస్ టెట్రాలు ధైర్యం ఇస్తాయి. నేల మీద తిరిగే కోరిడోరస్, రాత్రిపూట గుడ్లు తినే ప్లెకో వద్దు.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

పీహెచ్ తగ్గించే పొడి వేయడం. కేహెచ్ ఎక్కువున్న బోరు నీళ్లలో పీహెచ్ తగ్గి రెండో రోజుకు మళ్లీ పైకి లేస్తుంది. ఆ ఊగిసలాట చేపను చంపుతుంది. ఆర్వో కలపడమే దారి, లేదంటే చేపను మార్చండి.

ప్రతి జబ్బుకూ కల్లుప్పు. మన నీళ్లలో ఉప్పు ఇప్పటికే ఉంది. ర్యామ్ తొట్టిలో వేయకండి. ముందు అమ్మోనియా, నైట్రైట్ చూసి, పావు వంతు నీళ్లు మార్చండి. సగం జబ్బులు అక్కడే తగ్గుముఖం పడతాయి.

తెల్ల దారంలాంటి మలం, మేత మానడం. పేగుల్లో పరాన్నజీవి కావచ్చు. ఆ చేపను వేరు చేసి, ఇంకా తింటుండగానే మెట్రోనిడజోల్ కలిపిన మేత పెట్టండి. పూర్తిగా మానేశాక మందు లోపలికి పోదు.

ఒకటి మూలన నక్కి, ఇంకొకటి తరమడం. రెండూ మగవి అయి ఉండవచ్చు, లేదా జత కుదరలేదు. గుహలు పెంచి, మధ్యలో రాయో మొక్కో అడ్డం పెట్టి చూపు తెగేలా చేయండి. రెండు రోజుల్లో సద్దుమణగకపోతే ఒకదాన్ని తిరిగి ఇచ్చేయండి. "అదే సర్దుకుంటుంది" అని ఊరుకుంటే మూలనున్నది పోతుంది.

గుడ్లు తినేయడం. కొత్త జంట మొదటి రెండు మూడు ఈతలు తినేయడం మామూలే. జంటను విడదీయొద్దు, గుడ్లు తీసి వేరే పెట్టొద్దు. తొట్టి ముందు మనుషుల తిరుగుడు తగ్గించి, రాత్రి ఒక చిన్న మసక లైటు ఉంచండి. పిల్లలు ఈదడం మొదలుపెట్టిన రోజు నుంచి అప్పుడే పొదిగిన ఆర్టెమియా (పిల్లలకు మేతగా వేసే సన్నటి ఉప్పునీటి రొయ్యలు) రోజుకు రెండు మూడుసార్లు కావాలి. కాబట్టి ఆర్టెమియా గుడ్ల డబ్బా ముందే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.